ఎడమది గైర్హాజరు

చెల్లుబోయిన మంగతాయారుకు ఎడమ రొమ్ము లేదన్న సంగతి ఆవిడ భర్తకు తెలుసు, డిపోలో అందరికీ తెలుసు, కోటిపల్లి సర్వీసులో రోజూ కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టే పాలకేంద్రం గుమాస్తాకు కూడా తెలుసు. తెలియనిదల్లా దాన్ని తీసేసిన ఆసుపత్రికే.

మంగతాయారు బస్సు కండక్టరు. మూడేళ్ళ కిందట ఎడమవైపు క్యాన్సరు గడ్డ బయటపడితే, పట్నంలోని పెద్దాసుపత్రిలో ఆ రొమ్ము మొత్తం తీసేశారు. తర్వాత మందులు ఎక్కించారు. జుట్టంతా ఊడింది, మళ్ళీ వచ్చింది, అదీ మునుపెన్నడూ లేని రింగులు తిరిగి వచ్చింది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు రిటైరై వెళ్ళిపోతూ ఆవిడకు ఒక్కటే చెప్పి వెళ్ళాడు: "ఏడాదికోసారి ఆ మిగిలినదానికి మామోగ్రాం తీయించుకో తల్లీ. ఒంట్లో తేడా ఏమీ లేకపోతే ఇంకే స్కానింగుల జోలికీ పోనక్కర్లేదు. ఇదొక్కటి మాత్రం మానకు."

మామోగ్రాం అంటే రొమ్మును రెండు పలకల మధ్య అప్పడం ఒత్తినట్టు ఒత్తి తీసే ఎక్స్‌రే. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీస్తారు. నొప్పి కాసేపే. అసలు నొప్పల్లా దానికి ముందు నెలరోజులు. బస్సులో ఎంత గలగలలాడే మనిషైనా, పరీక్ష దగ్గరికొస్తోందంటే మంగతాయారుకు అన్నం సహించదు. ఈసారి మరీను. కుడిచెయ్యెత్తి కమ్మీ పట్టుకున్నప్పుడల్లా ఆ పక్క సన్నగా లాగుతోంది. ఆ మాట ఇంట్లో చెబితే భర్త మంచం ఎక్కేస్తాడు. అందుకని డ్రైవరు ఏసుబాబుకు ఒక్కడికే చెప్పింది.

"బండి గతుకులికి అయ్యుంటదిలే అక్కా," అన్నాడు ఏసుబాబు.

"గతుకులికైతే నీకూ లాగాలి గదరా," అంది మంగతాయారు.

ఇలా ఆవిడ గుండె చిక్కబట్టుకుని వెళ్ళేసరికి, ఆసుపత్రికి సమగ్రత పట్టుకుని ఉంది.

రాజధాని నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి, వైద్యంలో ఇన్నాళ్ళూ ఉన్న లోపమల్లా అసంపూర్ణతే అని ఒక పూటంతా ఉపన్యసించాడట. ఆ దెబ్బతో 'సంపూర్ణ' అనే కొత్త కంప్యూటరు పద్ధతి దిగింది. ఇకమీదట సగం రిపోర్టులు, సగం ఫోటోలు చెల్లవు. కుడి మోకాలు నొప్పని వచ్చినవాడికి రెండు మోకాళ్ళూ తీస్తున్నారు. ఒక పన్ను కదులుతోందన్నవాడి చేత ముప్పై రెండూ లెక్క చెప్పిస్తున్నారు. క్యాంటీనులో హాఫ్ టీ ఆపేశారు.

మామోగ్రాం గదిలో షాహీనా అనే టెక్నీషియను కుడివైపు రెండు ఫోటోలూ తీసింది. మిషనుకు ఉన్న సొంత తెర మీద ఒక దుప్పటి కప్పి ఉంది. 'సంపూర్ణ'లో తప్ప ఇంకెక్కడా ఎవరూ ఏ ఫోటో చూడరాదని ఆర్డరట. చూస్తే అది అసంపూర్ణంగా చూసినట్టట.

"ఇప్పుడు ఎడమదండి," అంది షాహీనా, నేలచూపులు చూస్తూ.

"ఎడమది లేదు గదా పాపా."

"తెలుసండి. కానీ దీంట్లో 'లేదు' అనేది లేదండి. 'హాజరు', 'గైర్హాజరు' అని రెండే ఉన్నాయండి."

"మరి గైర్హాజరు నొక్కు."

"నొక్కానండి. కారణం అడుగుతుందండి. జ్వరం, ప్రయాణం, దగ్గరి బంధువుల పెళ్ళి, ఇతరములు."

"ఇతరములు నొక్కు."

షాహీనా నొక్కింది. తెర వంక చూసి పెదవి కొరుక్కుంది. "మళ్ళీ ఎప్పుడొచ్చి చేరుతుందో తేదీ వేయమంటుందండి."

మంగతాయారుకు నవ్వొచ్చింది. మెడికల్ సెలవు పొడిగించమని డిపో మేనేజరును బతిమాలుకున్న రోజులు గుర్తొచ్చాయి. తన సెలవైతే ఎప్పుడో అయిపోయింది, దీని సెలవు ఇంకా నడుస్తోందన్నమాట.

"అది రాదుగాని, ఆ తీసిన కుడిదేదో డాక్టరమ్మ గారికి చూపించెయ్యి. నే పోతాను, బండి టైమవుతుంది."

"నాలుగు ఫోటోలూ పడితేగాని 'సంపూర్ణ' తలుపు తెరుచుకోదండి. డాక్టరమ్మ గారికి కూడా కనపడదండి."

ఆ మాటకు మంగతాయారు నవ్వు ఆగిపోయింది.

సమగ్రతాధికారి వేదుల పరబ్రహ్మం గారి గది రెండో అంతస్తులో ఉంది. ఆయన గతంలో ఈ ఆసుపత్రిలోనే స్టోర్సు చూసేవాడు. మంచం కోళ్ళు నాలుగూ లేనిదే మంచాన్ని మంచంగా ఒప్పుకోని మనిషని పేరు. సమగ్రతకు అంతకన్నా తగినవాడు ఎక్కడ దొరుకుతాడు!

"అమ్మా," అన్నాడాయన కళ్ళద్దాలు సవరించుకుంటూ, "రోగి తన అవయవములను నిర్ణీత తేదీన హాజరుపరచుట రోగి యొక్క ప్రాథమిక బాధ్యత."

"తీసేశారండి బాబూ."

"ఎవరు?"

"మీరే."

"మేము అనగా?"

"ఈ ఆసుపత్రేనండి. కిందనే, ఆ మెట్ల పక్క థియేటర్లోనే."

"అది మౌఖిక సమాచారము. ఆధారము?"

మంగతాయారు పైట కొంగు మీద చెయ్యేసి, "చూపించమంటారా?" అంది.

పరబ్రహ్మం గారు కుర్చీతో సహా గోడదాకా వెళ్ళిపోయాడు. "వద్దు! దృశ్య సాక్ష్యము మా పరిధిలోనికి రాదు." చెమట తుడుచుకుని, కాసేపు ఫ్యాను వంక చూసి, ఆయన అసలైన ప్రశ్న వేశాడు. "తీసివేయబడిన పక్షంలో, తీసివేయబడినది ప్రస్తుతము ఎక్కడ ఉన్నది? ఆసుపత్రికి చెందినదేదియూ గాలిలో కలిసిపోదు గదా!"

ఫోను తీసి ల్యాబుకు కొట్టాడు. ఆపరేషన్లలో తీసిన గడ్డల ముక్కల్ని మైనపు దిమ్మల్లో పెట్టి ఏళ్ళ తరబడి భద్రపరిచే చోటది. అవతలివాళ్ళు వెతికి చెప్పేదాకా ఫోను చెవికే ఆనించుకున్నాడు. చెప్పగానే ఆయన ముఖం చాటంత అయింది.

"ఉన్నది! ఈ ఆవరణలోనే, బీరువాలో ఉన్నది. అనవసరముగా గైర్హాజరు పడినది పాపం."

"అయితే ఇప్పుడేం చేత్తారండి?"

"హాజరుపరుస్తాము."

చిరిగిన నోటును మధ్యకు మడిచి ఇచ్చేవాళ్ళను, పన్నెండేళ్ళ పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని ఐదేళ్ళనేవాళ్ళను మంగతాయారు చాలామందిని చూసింది. ఎవరు వేళాకోళం ఆడుతున్నారో, ఎవరు నిజంగా అంటున్నారో ముఖం చూసి చెప్పేస్తుంది. పరబ్రహ్మం గారి ముఖంలో వేళాకోళం వెతికితే దొరకలేదు.

రోగిని ఒక చోటినుంచి ఇంకో చోటికి చక్రాల కుర్చీలోనే తీసుకువెళ్ళాలని నియమం. అందుచేత మైనపు దిమ్మలున్న స్టీలు ట్రేను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. దాని మీద పచ్చగుడ్డ కప్పి, పడిపోకుండా బెల్టు కట్టారు. అటెండరు నూకరాజు వెనకనుంచి తోస్తుంటే, ముందు సెక్యూరిటీ గార్డు "జరగండమ్మా, జరగండి, సీరియస్ కేసు," అంటూ దారి చేశాడు. వరండాలో కూర్చున్న ముసలావిడ ఒకామె లేచి దణ్ణం పెట్టింది. ఎందుకైనా మంచిదని ఆమె పక్కనున్నవాళ్ళు కూడా పెట్టారు.

లిఫ్టు దగ్గర మంగతాయారు కూడా ఎక్కబోతే నూకరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"లిఫ్టు పేషెంట్లకేనమ్మా. కూడా వచ్చినోళ్ళు మెట్లెక్కాలి."

"నేనే గదయ్యా పేషెంటుని!"

నూకరాజు కుర్చీలోని ట్రే వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూశాడు. "టోకెను దీని పేరునుందమ్మా. నన్నేం చేయమంటావు చెప్పు. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు."

మంగతాయారు మెట్లెక్కింది. ఆవిడ రొప్పుతూ గది చేరేసరికి ఎడమది ముందే చేరి, ఏసీలో చల్లగా కూర్చుని ఉంది.

షాహీనా పచ్చగుడ్డ తీసింది. మైనపు దిమ్మలు. అన్నీ కలిపినా గుప్పెట్లో పట్టేలా ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత మంగతాయారు దాని గురించి ఎవరినీ ఏమీ అడగలేదు, ఎక్కడ పారేశారో అనుకుంది. ఇంటిల్లిపాదినీ ఏడిపించింది, తన జుట్టూ నిద్రా తినేసింది ఇంత పిసరా? కోపం వచ్చింది. ఆ వెంటనే, ఎవరూ పలకరించకుండా ఇన్నాళ్ళు బీరువాలో పడి ఉందే అని జాలీ వేసింది. తన ఒంట్లోదే కదా, ఇద్దరు పిల్లలు తాగినదే కదా. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

షాహీనా దిమ్మల్ని పలక మీద పేర్చి, అలవాటు చొప్పున, "కదలకుండా ఊపిరి బిగబట్టండి," అంది. దిమ్మలు కదల్లేదు. ఊపిరి మంగతాయారు బిగబట్టింది.

నాలుగు ఫోటోలూ పడ్డాయి. 'సంపూర్ణ' తలుపు తెరుచుకుంది. దిమ్మల మీద ఉన్న పాత నంబరు పట్టుకుని, ల్యాబు వాళ్ళు మూడేళ్ళ కిందట రాసినదాన్ని ఎక్కణ్ణుంచో లాక్కొచ్చి, క్షణంలో ఫలితం చెప్పేసింది. ఎడమ: క్యాన్సరు ఉన్నది. కుడి: ఎడమవైపు చికిత్స పూర్తయిన పిదప పరిశీలించబడును.

మంగతాయారు స్టూలు మీద కూలబడింది. అది పాత సంగతేనని తెలుసు. అయినా ఆ మాట ఒకసారి వెలిగాక, ఎవరి ఒళ్ళయినా జల్లుమనక మానదు.

"గాభరా పడకండి, అది పాతదేనండి," అంది షాహీనా.

"పాతది నాకెందుకు పాపా? కుడిది ఏమైందో చెప్పు. ఆ దుప్పటి కొంచెం పక్కకు లాగితే నీకు కనపడదా?"

"కనపడినా అది చదవాల్సింది డాక్టరమ్మ గారండి. నిన్న దుప్పటి లాగినందుకు పక్క గది అతనికి మెమో ఇచ్చారండి," అని షాహీనా కళ్ళనీళ్ళ పర్యంతమైంది. మంగతాయారు ఇక ఆ పిల్లను ఒత్తిడి చేయలేకపోయింది.

ఇంతలో పరబ్రహ్మం గారు స్వీట్ల పెట్టెతో వచ్చాడు.

"శుభాకాంక్షలు! 'సంపూర్ణ' పట్టుకున్న ప్రప్రథమ క్యాన్సరు మీది."

"మూడేళ్ళ కిందట పట్టుకున్నదే గదండి ఇది?"

"మీరు పట్టుకొనియుండవచ్చును. 'సంపూర్ణ' నేడే పట్టుకొన్నది. ఇక తక్షణ శస్త్రచికిత్స. ఎడమ రొమ్మును తొలగించవలెను."

"దేన్నుంచి తొలగిత్తారండీ?"

పరబ్రహ్మం గారు ఒక్క క్షణం ఆలోచించాడు. "బీరువా నుండి," అన్నాడు.

అన్నంత పనీ చేశారు. మర్నాడు పొద్దున దిమ్మల్ని థియేటరులోకి తీసుకువెళ్ళి, దీపం వేసి, ఒక ట్రేలోంచి ఇంకో ట్రేలోకి మార్చి, పాత బీరువాకు బదులు కొత్త బీరువాలో పెట్టారు. ఆపరేషన్ విజయవంతం. ఏమీ తినకుండా రావాలని ముందురోజే మంగతాయారుకు కబురొచ్చింది. "ఎవరు తినకూడదు, నేనా మైనమా?" అని ఆవిడ అడిగితే, ఇద్దరూ తినకుండా ఉంటే సంపూర్ణంగా ఉంటుందని సమాధానం. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఖాళీ కడుపుతో బయట బెంచీ మీద కూర్చుని, ఆవిడ వచ్చేపోయే ప్రతి తెల్లకోటునూ కుడిదాని సంగతి అడిగింది. ఎడమది కోలుకోవాలి కదా అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ లేని ఎడమదానికి పురుడు పోసి పథ్యం పెడుతుంటే, ఉన్న కుడిది గుమ్మంలో నిలబడి ఉంది.

ఎక్స్‌రేలూ మామోగ్రాంలూ చదివే డాక్టర్ ఇందుమతిని కలుద్దామని ఆవిడ గదికీ వెళ్ళింది. 'సంపూర్ణ' పంపినవి తప్ప వేరే ఫోటోలను, వేరేవాళ్ళను చూడడానికి డాక్టరమ్మకు వీల్లేదని గార్డు గుమ్మంలోనే ఆపేశాడు. కుడిపక్క లాగుడు మాత్రం ఏ గార్డుకూ జడవకుండా వచ్చిపోతూనే ఉంది. నిద్ర పట్టక దొర్లుతుంటే భర్త లేచి, "ఏమైందే?" అన్నాడు. "దోమలు," అంది.

వారం తిరక్కుండా ఆసుపత్రి హాల్లో విజయోత్సవ సభ పెట్టారు. మంగతాయారు రానని చెప్పి, డాక్టర్ ఇందుమతి వేదిక మీద ఉంటుందని తెలిసి, వెంటనే వస్తానంది. ఏసుబాబు కూడా సెలవు పెట్టి వచ్చాడు. వేదిక మధ్యలో పువ్వులు పరిచిన బల్ల మీద ట్రే, దాని పక్కన ఆవిడకో కుర్చీ. వెనక వరసలో చివర డాక్టర్ ఇందుమతి, తలొంచుకుని గోళ్ళు చూసుకుంటూ ఉంది. పరబ్రహ్మం గారు మాట్లాడాడు. ప్రారంభ దశలో గుర్తింపబడినదన్నాడు. ఒక్క రక్తపు చుక్క కారలేదన్నాడు, అది నిజం. రోగికి నొప్పి కూడా తెలియలేదన్నాడు, అదీ నిజమే. గులాబీ రంగు శాలువా తెచ్చి ముందు ట్రేకు కప్పారు. ఒకటే తెచ్చినట్టున్నారు.

తర్వాత కృతజ్ఞతలు చెప్పమని మంగతాయారుకు మైకిచ్చారు. బస్సు ఆ చివరిదాకా వినపడేలా అరిచే గొంతు అది. మైకు చేతిలో పట్టుకున్నదేగానీ దానితో ఆవిడకు పనిలేదు.

"నా బండిలో ఎక్కని మనిషికి టికెట్టు కొడితే చెకింగోళ్ళు నన్ను దింపేత్తారండి. ఇక్కడ ఎక్కనిదాన్ని సీట్లో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎక్కినదేమో ఫుట్‌బోర్డు మీద ఏలాడతంది. నాకు కుడిపక్క లాగుతుందండి. ఇంట్లో చెప్పలేదు, భయమేత్తందండి. మీకు దణ్ణం పెడతాను, ఆ ఫోటో ఎవరన్నా చూసి, ఉందో లేదో ఒక్క ముక్క చెప్పండి. ఉందన్నా ఏడవను. తెలీకపోతేనే చచ్చిపోతన్నాను."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ముందు వరసవాళ్ళు చేతులు గాలిలోనే ఉంచారు. పరబ్రహ్మం గారు గొంతు సవరించుకుని, "ఇది కార్యక్రమములో లేని అంశము," అన్నాడు.

డాక్టర్ ఇందుమతి లేచింది. కుర్చీ కిర్రుమంది. "షాహీనా, తాళాలు తీసుకురా," అని కింద జనంలో ఉన్న టెక్నీషియనుకు చెప్పి, వేదిక దిగి, మంగతాయారు చెయ్యి పట్టుకుని నడిచింది. వెనకనుంచి పరబ్రహ్మం గారు మెమో గురించి ఏదో అంటున్నాడు.

"ఇవ్వండి. రెండు వైపులా రాయండి, సంపూర్ణంగా ఉంటుంది," అంది డాక్టరమ్మ, వెనక్కి తిరగకుండానే.

మామోగ్రాం గదిలో దుప్పటి తీసేసి అవతల పడేసింది. ఫోటోలు రెండూ అక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. పోయినేటివి పక్కన పెట్టుకుని, ముందుకు వంగి చూసింది. మంగతాయారు ఆ తెర వంక చూడలేక డాక్టరమ్మ చెవికున్న బుట్టకమ్మ వంకే చూస్తూ నిలబడింది. అది కదలడం ఆగితే చెడ్డ కబురని ఎందుకో అనుకుంది. తర్వాత డాక్టరమ్మ చేత్తో కూడా తడిమి చూసింది.

"టికెట్ల మిషను ఏ భుజానికి తగిలించుకుంటారు?"

"కుడికేనండి. ఎడం చేతిమీద బరువు పెట్టొద్దన్నారు గదండి ఆపరేషనప్పుడు."

"అందుకే లాగుతోంది. కండరం పట్టేసింది. నడుముకు కట్టుకోండి. నెలలో తగ్గకపోతే నా దగ్గరికి రండి, గార్డు ఏమన్నా సరే. ఫోటోలో ఏమీ లేదు. పోయినేడు ఎలా ఉందో అలాగే శుభ్రంగా ఉంది."

ఉందన్నా ఏడవనన్న మనిషి, లేదనగానే భోరున ఏడ్చింది. షాహీనా కూడా ఏడ్చింది. గుమ్మంలో ఉన్న ఏసుబాబు, "అయితే గతుకులు కాదన్నమాట," అని ముక్కు చీదుకున్నాడు. అంతా కలిపి హాఫ్ టీ తాగినంత సేపు పట్టలేదు.

హాల్లో సభ ఆగలేదు. ముఖ్యమైన రోగి వేదిక మీదే ఉంది కదా, ఫోటోలు దిగి, వందన సమర్పణ కూడా చేసి ముగించారట.

మర్నాడు కోటిపల్లి సర్వీసు స్టాండులో కదలడానికి సిద్ధంగా ఉంది. మంగతాయారు టికెట్ల మిషను నడుముకు కట్టుకుని, పాలకేంద్రం గుమాస్తాకు కిటికీ సీటు తనే ఇప్పించి ముందుకొస్తుంటే ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి మెసేజి. ఏసుబాబు వినేలా పైకే చదివింది.

"మీ ఎడమ రొమ్ము త్వరగా కోలుకొనవలెనని కోరుచున్నాము. అది వచ్చే ఏడాది ఇదే నెలలో తదుపరి పరీక్షకు తప్పక హాజరు కావలెను. మీరు రానవసరము లేదు. దానికి తోడుగా ఒక సహాయకురాలు అనుమతించబడును."

ఏసుబాబు స్టీరింగు మీద తలపెట్టి భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయి వెనక్కి తిరిగాడు.

"అది సరే అక్కా. నిన్ను రావద్దన్నారు గదా. మరి వచ్చే ఏడు కుడిదాని సంగతేంటి?"

మంగతాయారు ఫోను బ్యాగులో పడేసి జిప్పు లాగింది.

"దానికి తోడు ఒకరు కావాలన్నారు గదరా. నేనే ఎల్తాను. ఊరికే కూచోడం ఎందుకని, పన్లో పని కుడిదాన్ని కూడా తీయించుకొత్తాను. పోనీ, రైట్!"